వెనుకబడిన సీమలకు ధనసహాయము

కాలువ తలయొద్ది పొలమునకును, శివారు పొలమునకును తూములు ఒకే కొలతగా నున్నను నీరు సమముగా పాఱదు. త్రోవలో ఇంకిపోవునదియు, పై రైతులు మళ్ళించుకొనునదియు పోగా శివారు రైతునకు మిగులునది కొంచెమే. ప్రభుత్వధనముయొక్క గతియు నిట్టిదే. దానిని న్యాయముగా పంచు విధమేదియో యిచ్చట విచారింతము.

2006-07వ సంవత్సరమున భారతప్రభుత్వము వెనుకబడిన ప్రాంతముల సహాయనిధిని నెలకొల్పెను. మొదట 250 జిల్లాలు దానిక్రిందికి వచ్చెను. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునుండి అనంతపురము, విజయనగరము, ఆదిలాబాదు, మహబూబునగరము మొదలగు 13 జిల్లాలు చేరెను. ఒక్కొక్క జిల్లాకు ఏటేట 10 కోట్ల రూపాయలు కనీసముగా నిర్ణయించి, మిగిలినదానిలో సగము జనసంఖ్యనుబట్టియు, సగము వైశాల్యమునుబట్టియు పంచిరి. పనుల యెన్నికలో పంచాయతీలకును, పురపాలకసంఘములకును ముఖ్యస్థాన మిచ్చిరి. ఇది మెచ్చదగినదే; బావి యెక్కడ కావలెనో ఆ యూరివారికే బాగుగా తెలియును. కాని జిల్లా జాబితాలో చేరిన పిమ్మట, అచ్చటి పేదఱిక మెంత లోతైనదో ఆ పంపకము అడుగలేదు. 2015లో కేంద్రము ఈ సహాయమును నిలిపివేసెను.

2018 జనవరిలో ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమము మొదలయ్యెను. 112 జిల్లాలను ఆరోగ్యము, విద్య, వ్యవసాయము మొదలగు విషయములలో 49 కొలతలతో పరీక్షించి, ఏ జిల్లా తన పూర్వస్థితికంటె ఎంత ముందునకు వచ్చెనో చూచి వరుస నిర్ణయించుట దీని విశేషము. వెనుకబడిన బాలుని మొదటి బాలునితో పోల్చక, వాని నిన్నటి చదువుతో పోల్చుట వంటిది. అయినను దీనికి వేఱుగా పెద్దనిధి లేదు. ఇతర పథకముల ధనమునే కూర్చుకొనవలెను. తగినంత ఉద్యోగులు లేనిచోట ఆ కూర్పు ఎట్లు సాగును?

మఱియొక చిక్కు సగటు లెక్క. ఒక యూర 100 మంది పిల్లలలో 90 మందియు, దాని చేరువ గూడెమున 20 మందిలో 6గురును బడికి పోవుచున్నారనుకొందము. రెంటిని కలిపిన 120 మందిలో 96 మంది, అనగా నూటికి 80. గూడెమున నూటికి 30 మాత్రమే యన్న మాట ఆ లెక్కలో మాసిపోయెను. విశాఖపట్టణ నగరమును, పాడేరు మన్యమును 2022 ఏప్రిలు వఱకు ఒకే జిల్లాలో నుండెను. పిమ్మట మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాయయ్యెను. 2023లో 500 వెనుకబడిన బ్లాకులను వేఱుగా గుర్తించుటయు సరియైన దారియే.

కావున మూడు మార్పులు అవసరమని తలంచుచున్నాము. పేదఱికమును జిల్లాలో గాక గ్రామములోను, గూడెములోను కొలిచి, దాని లోతునుబట్టి ధనమీయవలెను. కొన్నియేండ్లకు సరిపడు హామీ ముందుగనే యుండవలెను. ఒక్క యేటి ధనముతో గోడలు లేచునే గాని బడి నిలువదు. ధనముతోడ లెక్కలు వ్రాయువారిని, పనులు తెలిసినవారిని పంపి, ఖర్చును గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఇట్లు చేసిన ముందున్న సీమలకు అన్యాయమగునని కొందఱందురు. శివారు పొలము పండినను ధాన్యము అంగడికే వచ్చును గదా! బాలబాలికలారా, మీ యూరి లెక్కలను సగటుతో విడువక వాడవాడకు వేఱుగా వేసి చూడుడు. ఎవరు మిగిలిపోయిరో తెలియును.