కుడినుంచి చదువవలసిన చిరునామా

పాఠశాలలకు వేసవి సెలవులు ఇవ్వగానే ఒమన్‌లోని తెలుగు కుటుంబాలు స్వదేశ ప్రయాణానికి సన్నద్ధమవుతాయి. విమానం టికెట్ల తరువాత చాలామంది మొదట ఆలోచించేది తిరుమల దర్శనం గురించే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను తిరుమల తిరుపతి దేవస్థానం నెలల ముందుగానే ఇంటర్నెట్‌లో విడుదల చేస్తుంది. అవి చూస్తుండగానే అయిపోతాయి. కోరిక బలంగాను, గడువు స్వల్పంగాను ఉన్నచోట మోసగానికి పని సులభం.

2023 ఏప్రిల్‌లో దేవస్థానం ఫిర్యాదుపై తిరుమల పోలీసులు ఒక నకిలీ వెబ్‌సైటుపై కేసు నమోదు చేశారు. అంతకుముందే 40 నకిలీ సైట్లపై కేసులుండగా ఇది 41వది. ఆనాటి అసలు చిరునామా 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. నకిలీది 'తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్'. చుక్కల స్థానంలో అడ్డగీతలు వచ్చాయి, చివరి ముక్క మారింది, అంతే. పక్కపక్కన పెట్టి చూస్తే చదువుకున్నవారు కూడా తడబడతారు. అయితే కంప్యూటరు దృష్టిలో ఈ రెండింటికీ ఎట్టి బంధుత్వమూ లేదు. అది ఎందువలననో తెలిసికొంటే సగం మోసాలు మన గడప తొక్కవు.

వెబ్‌సైటు పేర్ల అమరికను 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. ఇది మన తపాలా చిరునామా వంటిదే: ఇల్లు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం. చివర ఉన్నదే అన్నిటికంటె పెద్దది. కంప్యూటరు ఆ చివరినుంచే వెదకడం ప్రారంభిస్తుంది. పై అసలు చిరునామాలో 'ఇన్' అనగా భారతదేశం, దానిలో 'గవ్' ప్రభుత్వం, దానిలో 'ఏపీ' ఆంధ్రప్రదేశ్, అందులో తిరుపతిబాలాజీ. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గడప. 'గవ్ డాట్ ఇన్' గడపలోపల స్థలం ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు లభించదు.

అడ్డగీత మాత్రం గడప కాదు. అది కేవలం మరొక అక్షరం వంటిది. కాబట్టి నకిలీ చిరునామాలో ఉన్నవి రెండే ముక్కలు: 'ఆర్గ్', దానిముందు ఒకే పొడవాటి పేరు. చుక్కకూ చుక్కకూ నడుమ ఒక పేరు 63 అక్షరాలవరకు ఉండవచ్చును. ఆ పేరులో 'ఏపీ', 'గవ్' అని ఎన్ని ముక్కలు కుట్టినా అడిగేవారు లేరు. 'డాట్ ఆర్గ్' పేరును ఎవరైనా కొద్దిపాటి రుసుముతో కొనుక్కోవచ్చును. రువీ బజారులో ఎవరో 'తిరుపతి భవన్' అని బోర్డు కట్టినంతమాత్రాన అది తిరుపతి అవుతుందా?

ఒమన్‌లో ఉన్న మనకు ఒక సౌకర్యం ఉన్నది. అరబ్బీ బోర్డులను కుడినుంచి ఎడమకు చదవడం మన పిల్లలకు కొత్త కాదు. వెబ్ చిరునామానూ అట్లే చదవాలి. మొదటి ఏటవాలు గీత తరువాత ఉన్నదంతా వదలి, ఆ గీతకు ముందున్న చివరి ముక్కనుంచి వెనుకకు రావాలి. 2024లో దేవస్థానం తన చిరునామాను 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని మార్చినా, కుడివైపు మూడు గడపలూ అవే.

అమ్మానాన్నలను మస్కట్‌కు పిలిపించుకొనేటప్పుడూ ఇదే పరీక్ష. రాయల్ ఒమన్ పోలీసువారి వీసా చిరునామా 'ఈవీసా డాట్ ఆర్ఓపీ డాట్ గవ్ డాట్ ఓఎమ్'. 'ఓఎమ్' ఒమన్ దేశపు గుర్తు. ఒమన్, ఈవీసా అనే మాటలను కలిపి చివర 'డాట్ కామ్' తగిలించిన చిరునామా ఎంత ముచ్చటగా ఉన్నా ప్రభుత్వానిది కాదు. వెదికినప్పుడు మొట్టమొదట కనిపించే ఫలితం డబ్బు చెల్లించి వేయించిన ప్రకటన కావచ్చును. తాళం గుర్తును చూచి ధైర్యపడేవారు చాలామంది. ఆ తాళం దారిలో మన సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడుతుంది గాని, అవతల కూర్చున్నవాడు దొంగా దొరా అన్నది చెప్పదు.

విమానం టికెట్ల తంతు వేరు. ఏజెంటు పంపే ఆరక్షరాల పీఎన్ఆర్‌ను చూచి టికెట్ చేతికి వచ్చిందనుకోరాదు. డబ్బు కట్టకుండానే కొంతకాలం పీఎన్ఆర్‌ను నిలిపి ఉంచవచ్చును. ఆ తరువాత అది రద్దవుతుంది. టికెట్ సంఖ్య వేరు, దానికి 13 అంకెలు. మొదటి మూడూ సంస్థ గుర్తు: ఒమన్ ఎయిర్‌కు 910, ఎయిరిండియాకు 098. ఆ సంఖ్య అడిగి, సంస్థ సొంత సైటులోనే సరిచూసుకోవాలి.

ఖరీఫ్ కాలంలో సలాలాలో అద్దె ఇళ్ళకు ఏ 'గవ్' గడపా ఉండదు. మన నైరుతి ఋతుపవనమే అక్కడి ధోఫార్ కొండలను పచ్చబరుస్తుంది. చూడడానికి గల్ఫ్ అంతా తరలివస్తుంది. ప్రకటనలోని నంబరుకు కాక, వేరేచోట వెదకిన నంబరుకు ఫోను చేయడం, వ్యక్తిగత ఖాతాకు బయానా పంపకపోవడం మాత్రమే అక్కడ మన చేతిలోనివి.

ఒకవేళ డబ్బు పోతే గంటలు ముఖ్యం. ముందు బ్యాంకుకు తెలిపి కార్డు ఆపించాలి, పిదప పోలీసులకు. ఒమన్‌లో 12/2011 రాజశాసనం ఇటువంటి నేరాలకు వర్తిస్తుంది. భారతదేశపు ఖాతానుంచి పోయినట్లయితే అక్కడి బంధువులు 1930కి ఫోను చేయవచ్చును. మనం ఇక్కడినుంచే 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఈ చిరునామానూ కుడినుంచే చదివి చూచుకొనండి.