నీళ్ళల్లో మందు – బొగ్గు చేసే మేలు

యూసుఫ్‌గూడలో నల్లా వచ్చే వేళ. బిందెలు పెట్టి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"వదినా, నీళ్ళల్ల మందు గోళీలు కలుస్తయంట. నిజమేనా?"

"నిజమే. పటాన్‌చెరు కాడ అట్లనే అయ్యింది."

పటాన్‌చెరు హైదరాబాదు పక్కనే ఉంది. అక్కడ మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. సుమారు 90 కంపెనీల మురుగునీరు ఒకే శుద్ధి కేంద్రానికి చేరేది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2007లో ఫలితం చెప్పారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అంటే 20 లీటర్ల బిందెలో 500 మిల్లీగ్రాముల గోళీ ఒకటి కంటే ఎక్కువే! 2009లో చుట్టుపక్కల ఊళ్ళ బావి నీళ్ళల్లోనూ మందులున్నట్టు తేలింది.

యూసుఫ్‌గూడ నల్లాలో మందు ఉందని దీని అర్థం కాదు. కానీ సంగతి అందరూ తెలుసుకోవాలి.

"మందు మంచిదే గద వదినా?"

రోగికి మంచిదే. నీళ్ళల్లో కలిస్తే చెడ్డది. మందు కలిసిన నీటిలో కొన్ని క్రిములు చస్తాయి. మందుకు తట్టుకున్నవి బతికి, పెరుగుతాయి. రేపు బిడ్డకు ఆ క్రిముల వల్ల జబ్బు చేస్తే, అదే మందు వేసినా పని చేయకపోవచ్చు.

"కాగబెడితే పోదా?"

ఉప్పు నీళ్ళు కాగబెడితే ఉప్పు పోతుందా? పోదు. మందు కూడా అంతే. కాగబెడితే క్రిములు చస్తాయి. చాలా మందులు మాత్రం అట్లే ఉంటాయి.

మందును పట్టేది ఒక రకం బొగ్గు. కొబ్బరి చిప్పలను కాల్చి బొగ్గు చేస్తారు. దానికి చాలా ఎక్కువ వేడిలో ఆవిరి పట్టిస్తారు. అప్పుడు బొగ్గు నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 600 గజాల జాగా అంత అవుతుంది! నీళ్ళు పోస్తే మందు ఆ గోడలకు అంటుకుంటుంది. విషం మింగినవారికి ఆసుపత్రిలో కొన్నిసార్లు తాగించేది ఇలాంటి బొగ్గు పొడే. పొయ్యిలోని బొగ్గు ఈ పని చేయదు.

గుర్తుంచుకోండి:

1. రంధ్రాలు నిండితే బొగ్గు ఇంక మందును పట్టదు. ఫిల్టరులోని బొగ్గును చెప్పిన గడువుకు మార్చాలి.

2. బొగ్గు క్రిములను చంపదు. వడకట్టిన తర్వాత నీళ్ళు కాగబెట్టాలి.

3. మిగిలిన గోళీలు మోరీలో వేయకూడదు.

అసలు పని మురుగు పుట్టే చోటే జరగాలి. స్విట్జర్లాండులో 2016 నుంచి ఒక చట్టం ఉంది. పెద్ద మురుగునీటి కేంద్రాలు నీటిలోంచి మందులను తీయాలి. అందుకు కొన్ని కేంద్రాలు బొగ్గునే వాడుతున్నాయి. బిందె దగ్గర బొగ్గు ఒక ఇంటిని కాపాడుతుంది. కంపెనీ దగ్గర శుద్ధి చేస్తే ఊరంతా బాగుంటుంది.

చెప్పండి:

1. నీళ్ళు కాగబెడితే ఏది పోతుంది? ఏది పోదు?

2. ఫిల్టరులో బొగ్గు ఎందుకు మార్చాలి?

3. మీ ఇంట్లో పాత గోళీలు ఎక్కడ వేస్తున్నారు?