మింట్ ఎర్రర్ బిళ్ల అన్నారా? ముందు రాసివ్వమనండి

ప్రశ్న: మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా తమ్ముడు మార్కాపురంలో ఒకాయన దగ్గర పది రూపాయల బిళ్లను ‘మింట్ ఎర్రర్’ అని నమ్మి 18 వేలు పెట్టి కొన్నాడు. సబ్బు నీళ్లలో కడిగితే దాని మీది అదనపు గీత ఊడిపోయింది. అమ్మినాయన డబ్బు తిరిగివ్వనంటున్నాడు. ఇంకోపక్క, మా ఇంట్లో ఉన్న పాత బిళ్లకు 3 లక్షలు ఇస్తామని, ముందుగా పన్ను కట్టాలని ఎవరో ఫోన్లు చేస్తున్నారు. ఏం చేయాలి లాయరు గారూ?

జవాబు: ముందు ఫోను సంగతి. ఒక్క రూపాయి కూడా పంపకండి. పాత నోట్లు, నాణేల అమ్మకాలకు రుసుము, కమీషన్, పన్ను కట్టాలంటూ కొందరు తన పేరు, గుర్తు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అలా వసూలు చేసే అధికారం తాను ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర అడగడు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక బిళ్ల సంగతి. నాణెం మీద తేడా టంకశాలలో రావచ్చు, మనుషుల చేతుల్లో రావచ్చు, పైన పట్టిన మడ్డి వల్లా కనిపించవచ్చు.

టంకశాలలో అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం పొంగి, నాణెం మీద ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. బిళ్ల పక్కకు జరిగితే బొమ్మ ఓ పక్కకు పడి, రెండో పక్క ఖాళీగా మిగులుతుంది. అంతకుముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుంటే, తర్వాతి బిళ్ల మీద బొమ్మ తిరగబడి, లోపలికి దిగి కనిపిస్తుంది. దీన్నే బ్రాకేజ్ అంటారు.

చేతుల్లో దెబ్బతిన్నది వేరు. గీరితే గాడి పడుతుంది, దాని అంచున లోహం లేస్తుంది. రెండు బిళ్లల్ని బిగించి నొక్కినా తిరగబడ్డ ముద్ర పడుతుంది గానీ, అడుగున అసలు బొమ్మ నలిగి కనిపిస్తూనే ఉంటుంది. రైలు పట్టా మీద పెట్టిన బిళ్ల పలచబడి, అక్షరాలు సాగుతాయి.

మడ్డి సంగతి మన ప్రాంతం వాళ్లకు తెలిసిందే. హుండీలో పడిన బిళ్లకు పసుపు, కుంకుమ, నూనె అంటుతాయి. పలకల పని జరిగే చోట రాతి పొడి అక్షరాల సందుల్లో చేరుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెడితే చాలావరకు వదులుతుంది. చింతపండుతో తోమకండి; బిళ్ల అసలైనదైతే విలువ పోతుంది.

డిజైన్ తేడాను కూడా లోపమని అంటగడుతుంటారు. పది రూపాయల బిళ్లలు అప్పటికి 14 డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల గుర్తు, అంతే.

చట్టం ఏమంటుంది? 2011 నాణేల చట్టం సెక్షన్ 6 ప్రకారం రూపు చెడగొట్టిన, నిర్ణీత బరువు కంటే తగ్గిన నాణెం చెల్లదు. మడ్డి పట్టినంత మాత్రాన చెల్లకుండా పోదు. నాణేలను కరిగించడం, నాశనం చేయడం సెక్షన్ 12 కింద నేరం. టంకశాల లోపం ఉన్న బిళ్లను దగ్గర ఉంచుకోవడం తప్పు కాదు. కానీ ప్రభుత్వం దృష్టిలో దాని విలువ ముఖవిలువే. అంతకుమించిన ధర కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఒప్పందం. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 అంటుంది. సబ్బు నీళ్లకు ఊడిన గీత టంకశాలలో వచ్చింది కాదు కాబట్టి మీ తమ్ముడికి బలం అక్కడుంది.

అమ్మినాయన నాణేల వ్యాపారం చేసేవాడైతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ముందు 1915కి ఫోన్ చేసి సలహా అడగవచ్చు. అయితే లాభానికి తిరిగి అమ్మడానికి కొని ఉంటే వినియోగదారుడిగా పరిగణించరు. అప్పుడు సివిల్ దావా దారి ఉంటుంది. గీత అతికించిందని తెలిసే అమ్మి ఉంటే అది మోసం: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఈ ఫిర్యాదును ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

సాక్ష్యం మీ చేతిలోనే ఉంది. బిళ్లను ఇక కడగకుండా కవర్లో పెట్టండి. కడగకముందు తీసిన ఫోటోలు, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు చెరిపేయకండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, ఆదాయం తక్కువ ఉన్నవారికి మండల న్యాయ సేవాధికార కమిటీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది; ఫోన్ 15100.

మళ్లీ కొనాలనిపిస్తే డబ్బు చేతులు మారకముందే కాగితం రాయించుకోండి: ‘ఈ లోపం టంకశాలలో వచ్చిందే. కాదని తేలితే డబ్బు తిరిగి ఇస్తాను.’ కింద పేరు, చిరునామా, తేదీ, సంతకం ఉండాలి. సంతకం పెట్టనన్నవారి దగ్గర కొనకండి.