ప్రాకార ద్వారమును, సంత వీధియును

చదువవలసిన భాగములు: నెహెమ్యా 13:15-22, ఆమోసు 8:4-6, లేవీయకాండము 19:33-36.

ఫ్రాన్సు దేశపు నైరుతి మూలను, పిరెనీసు పర్వతముల క్రింద, సాన్-జాన్-ప్యే-ద-పోర్ అను చిన్న పట్టణము కలదు. "కనుమ పాదమందలి పరిశుద్ధ యోహాను" అని ఆ పేరునకు అర్థము. స్పెయినులోని సాంతియాగోకు కాలినడకన పోవు యాత్రికులలో అనేకులు ఇక్కడనే బయలుదేరుదురు. ఇంచుమించు 780 కిలోమీటర్ల త్రోవ. మొదటి దినమే 1,400 మీటర్లకు పైబడిన ఎత్తునకు ఎక్కి దిగవలెను. హిమము వలన నవంబరు 1 మొదలు మార్చి 31 వరకు ఆ పైదారిని మూసి, లోయ దారిని పంపుదురు.

సాంతియాగోలో అపొస్తలుడైన యాకోబు సమాధి యున్నదని వారి నమ్మకము. లేఖనమందు (అపొ. కా. 12:2) హేరోదు చేత అతని మరణము చెప్పబడినదే గాని సమాధి మాట లేదు. ఆ వాదమటుంచి ఊరిని చూతము.

యాత్రికుడు పైనున్న యాకోబు ద్వారమున ప్రవేశించును. 1998లో యునెస్కో వారు ఈ ద్వారమును ప్రపంచ వారసత్వములో చేర్చిరి. అక్కడనుండి ఒకే వీధి, రాళ్లు పరచిన వాలు వీధి, క్రిందనున్న దేవాలయము వరకును నీవ్ నది వంతెన వరకును దిగును. ఇరుప్రక్కల ఎఱ్ఱని ఇసుకరాతి యిండ్లు, అంగళ్లు. కొనువాడైనను కొననివాడైనను వాటి నడుమనే నడువవలెను. సోమవారము సంత నేటికిని జరుగుచున్నది.

ఆ యిండ్ల ద్వారముల పైరాళ్లమీద యజమాని పేరును, కట్టిన సంవత్సరమును చెక్కుట అక్కడి వాడుక. అయితే ఒక రాతిమీద 1789లో గోధుమల ధర చెక్కియున్నది! 1788లో పంటలు చెడి, ఫ్రాన్సు అంతట రొట్టె ప్రియమైన కాలమది. పేరు ఉండవలసిన చోట ధర పెట్టించెననిన, ఆ యేడు ఆ యింటివారికి అంతకంటె మరువరాని సంగతి లేదన్నమాట.

ఆమోసు చూచిన వర్తకులు పండుగ ఎప్పుడు తీరునా, ధాన్యపు కొట్లు ఎప్పుడు తెరతుమా అని కాచుకొనిరి. కొలత తగ్గించి, తూకపు రాయి పెంచిరి. ఇచ్చునప్పుడొక కుంచము, పుచ్చుకొనునప్పుడొక కుంచము. ఈ విద్య మన పల్లెలకును క్రొత్త కాదు.

నెహెమ్యా సంతను ఎత్తివేయలేదు. విశ్రాంతిదినమునకు ముందు, చీకటి పడునప్పుడు తలుపులు వేయించెను. అయితే గమనించుడి: తూరు వర్తకులకంటె ముందు అతడు గద్దించినది యూదా ప్రధానులను. కొనువాడు లేనిదే అమ్మువాడు రాడు గదా. గోడ ఎంత ఎత్తు కట్టినను, లోపలివారే తలుపు తీసినచో ఏమి ప్రయోజనము?

లేవీయకాండములో పరదేశిని బాధింపరాదను ఆజ్ఞయు, న్యాయమైన కొలతను గూర్చిన ఆజ్ఞయు ప్రక్కప్రక్కనే యున్నవి. ఇది ఊరక జరిగినది కాదని నా తలంపు. ప్రొద్దుగూకినవేళ మూటతో ద్వారమున ప్రవేశించి, తెల్లవారి కొండ ఎక్కవలసినవానికి ఆ ఊరి ధరలు తెలియవు. బేరమాడుటకు భాషయు రాదు.