ఆకాశం నుంచి బిళ్ళ మీదికి

1975 ఆగస్టు 1న మన దేశంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 పల్లెల్లో ఉపగ్రహం ద్వారా టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. ‘సైట్’ అనే పేరుతో ఏడాది పాటు సాగిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. మూడు మీటర్ల వెడల్పు గల తీగల గొడుగు పెట్టి, ఊరంతా ఒకచోట కూర్చొని వ్యవసాయం, ఆరోగ్యం గురించి చూశారు. చూశారు గాని దాచుకోలేదు. దాచుకొనే సాధనం వాళ్ళకు లేదు. నేడు చిన్న డిష్‌తోనే పని జరుగుతోంది. రికార్డు చేసే పెట్టెలు కూడా వచ్చాయి. అయితే రికార్డు చేసినంత మాత్రాన దాచుకొన్నట్టేనా? కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సంగతి నాకు పుస్తకం నేర్పలేదు. మా తాత వేరుశనగ రైతు. ఒక టీవీ వ్యవసాయ కార్యక్రమం వాళ్ళు మా చేనికి వచ్చి, విత్తనశుద్ధి గురించి ఆయన చేత నాలుగు నిమిషాలు మాట్లాడించారు. ప్రసారమైన నాడు నాయన దాన్ని డిష్ పెట్టెలో రికార్డు చేశాడు. తాత పోయిన రెండేళ్ళకు ఆ పెట్టెలో టకటకమని చప్పుడు మొదలైంది. “ఇది పోతే తాత గొంతు వినేదెట్లరా? సైన్సు చదువుతాండావు గదా, ఏదన్నా చెయ్యి” అన్నాడు నాయన.

పెట్టెలోని హార్డ్ డిస్క్‌ను ఊడదీసి కంప్యూటరుకు తగిలిస్తే సరిపోతుందనుకొన్నాను. అది పొరపాటు. ఇలాంటి పెట్టెలు రికార్డు చేసినదాన్ని సాధారణంగా రహస్య సంకేతాలుగా మార్చి దాస్తాయి. తాళంచెవి ఆ పెట్టెలోనే ఉంటుంది. పెట్టె చచ్చిపోతే డిస్క్ బాగున్నా అందులోని బొమ్మ మనకు దక్కదన్నమాట. తాళం పగలగొట్టడం తగదు. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అటువంటి పని చేయడాన్ని నేరంగా చేర్చింది. అయితే స్వంతంగా చూసుకొనేందుకు ప్రసారాన్ని రికార్డు చేసుకోవడాన్ని అదే చట్టంలోని 39వ సెక్షన్ అనుమతిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1984లో, తర్వాత చూసుకొనేందుకు ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని తీర్పు చెప్పింది. అమ్ముకోవడం, ఊళ్ళో టిక్కెట్టు పెట్టి ఆడించడం మాత్రం వేరే సంగతి.

కాబట్టి రాజమార్గం ఒకటే. పెట్టె వెనుక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటాయి. పసుపు బొమ్మకు, తక్కినవి రెండూ ధ్వనికి. వాటి నుంచి తీగలు తెచ్చి, బొమ్మను అంకెలుగా మార్చే చిన్న సాధనం ద్వారా కంప్యూటరుకు కలపాలి. ఇక్కడ తొందర పనికిరాదు. గంట కార్యక్రమం ఎక్కించడానికి గంటా పడుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. మన టీవీ పద్ధతిలో ఒక బొమ్మకు 720 × 576 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున సెకనుకు రెండు కోట్ల బైట్లకు పైగా అవుతాయి. మామూలు డీవీడీలో పట్టేది 470 కోట్ల బైట్లు. భాగించి చూడండి: 3 నిమిషాల 47 సెకన్లు! మా తాత నాలుగు నిమిషాలు కూడా పట్టవు. అందుకే బొమ్మను కుదించాలి. చేనులో నిలబడి మనిషి మాట్లాడుతుంటే వెనుక చెట్టు మారదు, గట్టు మారదు. పెదవులు, చేతులు కదులుతాయి. మారినదాన్నే ముఖ్యంగా రాసుకొంటే చాలు. డీవీడీలో వాడే ఎంపెగ్-2 పద్ధతికి ఇదే ఆధారం. రెండు గంటలు ఎక్కిస్తే సెకనుకు 52 లక్షల బిట్లు దక్కుతాయి. బొమ్మ బాగుంటుంది. నేను పిసినారితనానికి పోయి, తాత కార్యక్రమంతో పాటు తక్కినవన్నీ కలిపి ఆరు గంటలు ఒకే బిళ్ళలో కుక్కాను. సెకనుకు 17 లక్షలే మిగిలాయి. తాత ముఖం గళ్ళ దుప్పటిలా అయింది.

ఇక బిళ్ళ సంగతి. రాసుకొనే డీవీడీ లోపల ఒక రంగు పూత ఉంటుంది. 650 నానోమీటర్ల ఎర్రటి లేసరు దాన్ని అక్కడక్కడ మార్చి గుర్తులు పెడుతుంది. వరుసకూ వరుసకూ మధ్య దూరం 0.74 మైక్రోమీటరు, సీడీలో అయితే 1.6. వెలుతురు పడితే బిళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపించేది ఈ సన్నని వరుసల వల్లనే. ఫిజిక్సు ల్యాబులో మనం చూసే గ్రేటింగ్ చేసే పనే ఇది. ఎండకు ఆ పూత చెడిపోతుంది గనుక బిళ్ళను కిటికీలో పెట్టరాదు. పైన కాగితం అంటించరాదు; మెత్తటి పెన్నుతో పేరు, తేదీ రాస్తే చాలు.

రెండోసారి బొమ్మ చక్కగా వచ్చింది గాని ఇంట్లో ప్లేయరు ఆ బిళ్ళను చదవనన్నది. చివర్లో చేయవలసిన ‘ఫైనలైజ్’ అనే ముగింపు పని నేను వదిలేశాను. విత్తనం చల్లి మన్ను కప్పకుండా వచ్చినట్టయింది. మూడోసారి అన్నీ సరిగా చేసి, రెండు బిళ్ళలు తీసి, రెండింటినీ వేరే ప్లేయరులో మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూశాను. ఒకటి మా అవ్వ ట్రంకుపెట్టెలో ఉంది. రెండోది నా హాస్టలు గదిలో ఉంది. ఆ తర్వాత పది రోజులకే పెట్టె పూర్తిగా ఆగిపోయింది.

మంచి రైతు విత్తనాన్ని ఒకే గరిసెలో పెట్టడు. కొంత అటకమీద, కొంత చుట్టాలింట్లో ఉంచుతాడు. ఏడాదికోసారి తీసి చూసుకొంటాడు కూడా. బిళ్ళ కూడా శాశ్వతం కాదు. ఆడించే యంత్రాలు తగ్గిపోతున్నాయి, రేపు దీన్ని మరోదాని మీదికి మార్చాలి. మిత్రులారా, మీ ఇంటి పెట్టెలో మీవాళ్ళ గొంతు ఏదైనా ఉంటే, చప్పుడు మొదలయ్యేదాకా ఆగకండి. ఈ సెలవుల్లోనే ఆ పని చేయండి.