పండ్లయీగయు, కందిపూవును

హైదరాబాదు నుండి ముంబాయికి పోవు రాజమార్గమున రామచంద్రాపురము దాటి పటాన్‌చెరువు చేరునప్పటికి దారికి ఇరువైపుల కర్మాగారములు, పొగగొట్టములు, లారీల వరుసలు కానవచ్చును. ఆ యంత్రముల రొదకు చేరువనే విశాలమైన పొలములు గల పరిశోధనాలయ మొకటి కలదు. 1972వ సంవత్సరమున స్థాపింపబడిన ఆ అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థను జనులు ఇక్రిశాట్ అని పిలుతురు. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతోపాటు కందిపంటను గూర్చియు అచ్చట పరిశోధనలు జరుగుచున్నవి. అదే దారిన సంగారెడ్డి వైపు సాగినచో కంది యను పేరుగల గ్రామమే ఎదురగును.

తెలుగునాట పప్పు అనగానే మొదట తలపునకు వచ్చునది కందిపప్పు. మాంసము కొనలేని కుటుంబమునకు మాంసకృత్తుల నిచ్చునది అదియే. అయినను మన దేశమున కంది దిగుబడి దశాబ్దముల తరబడి హెక్టారునకు 700 కిలోల ప్రాంతముననే నిలిచిపోయెను. వరి, గోధుమలు ముందునకు సాగినను కంది వెనుకబడెను. దానిని ముందునకు నడుపు ఉపాయము కందిపూవులోని అతి సూక్ష్మములైన బీజకణములందు దాగియుండెను. బీజకణముల తీరు తెలిసికొనుటకు మొదట ఒక చిన్న ఈగ కథను తెలిసికొనవలెను.

మగ్గిన అరటిపండు చుట్టు ముసురు చిన్న ఈగలను అందరును చూచియుందురు. శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా అందురు. గ్రుడ్డు పది దినములలో ఈగ యగును. కావున అనేక తరములను స్వల్పకాలముననే పరిశీలింపవచ్చును. 1910లో న్యూయార్కు నగరమునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున మోర్గన్ అను శాస్త్రజ్ఞునకు ఎర్రకన్నుల ఈగల నడుమ తెల్లకన్నుల మగ ఈగ యొకటి కనిపించెను. దాని సంతతిని పరీక్షించి, కంటి రంగును నిర్ణయించు జన్యువు ఎక్స్ అను క్రోమోజోముపై నున్నదని ఆయన నిరూపించెను. ఈగ కణములో క్రోమోజోములు నాలుగు జతలు. వానిలో ఒక జత లింగమునకు సంబంధించినది. ఆడ ఈగకు ఎక్స్‌లు రెండు. మగ ఈగకు ఒక ఎక్స్, ఒక వై.

ఇచ్చట నొక సందేహము కలుగును. మగ ఈగకు ఎక్స్ ఒకటియే గదా, దాని జన్యువుల పని సగమే జరుగవలదా? అట్లు జరుగదు. 1965లో ముఖర్జీ అను భారతీయ శాస్త్రజ్ఞుడును, బీర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడును ఈగ పురుగు యొక్క లాలాజల గ్రంథుల కణములను పరీక్షించి, మగదాని ఒంటి ఎక్స్ ఆడుదాని రెండు ఎక్స్‌లకు దాదాపు సమానముగా పనిచేయుచున్నదని చూపిరి. జోడెద్దుల పని ఒంటియెద్దు చేసినట్లన్నమాట. కొన్ని మాంసకృత్తులు గుంపుగా చేరి ఎక్స్‌ను ఇట్లు పురికొల్పును. కాని వీర్యకణములను తయారుచేయు కణములందు ఆ గుంపు ఏర్పడదు. శరీరకణముల నియమము వేరు, బీజకణముల నియమము వేరు.

వై క్రోమోజోము కథ ఇంకను విచిత్రము. వై లేని మగ ఈగలను 1916లో బ్రిడ్జెస్ వర్ణించెను. అవి బ్రతుకును, ఎగురును, చూపునకు ఇతర మగ ఈగలవలెనే యుండును. కాని వానికి సంతానము కలుగదు. వై మీది ముఖ్యమైన జన్యువులు కొన్ని శరీరమంతట నిద్రించి, వీర్యకణములకు తల్లులైన కణములలో మాత్రమే మేల్కొనును. అవి వీర్యకణపు తోకను కదలించు యంత్రాంగమునకు కావలసినవి. వానిలో కొన్ని పది లక్షల అక్షరములకు మించిన పొడవు గలవి. అట్టి జన్యువును ఒకసారి చదువుటకు కణమునకు కొన్ని దినములు పట్టును. శరీరము దృఢముగ నుండియు బీజకణము మాత్రము విఫలము కావచ్చునని ఈ ఈగ వలన తెలియుచున్నది.

కందిమొక్కకు ఎక్స్, వై క్రోమోజోములు లేవు. ఒకే పూవున పుప్పొడియు, అండాశయమును కలవు. అందుచేత సాధారణముగా పూవు తన పుప్పొడితోనే ఫలించును. రెండు భిన్నజాతులను కలిపి బలమైన సంకరజాతిని పొందవలెనన్నచో ఒకదాని పుప్పొడిని నివారింపవలెను. పూవు పూవునకు చేతితో కేసరములు తీయుట పొలములలో సాధ్యము కాదు. కావున పుప్పొడి పండని మొక్కలకై ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వెదకిరి. అట్టి మొక్కలను గూర్చి 1978లో ప్రకటించిరి. వాని సాయముతో 1991లో ఐ.సి.పి.హెచ్. 8 అను సంకర కంది విడుదలయ్యెను. పప్పుధాన్యములలో ప్రపంచమున ఇదియే మొదటి సంకరజాతి.

కాని చిక్కొకటి మిగిలెను. ఆ విత్తన క్షేత్రములలో తల్లి వరుసలందలి మొక్కలలో సగము పుప్పొడి గలవియే మొలచెడివి. పూత సమయమున ప్రతి మొక్కను పరీక్షించి వానిని పెరికివేయవలసి యుండెను. కూలి పెరిగెను, విత్తనము ప్రియమయ్యెను. మేలైన జాతియైనను రైతు చేతికి చేరదాయెను.

పరిశోధకులు పట్టు విడువలేదు. కందికి దగ్గరి చుట్టమైన కజానస్ కజానిఫోలియస్ అను అడవిమొక్కను తల్లిగా గైకొని సక్సేనాయు, ఆయన సహచరులును క్రొత్త వంశమును సృష్టించి 2005లో ప్రకటించిరి. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలకు స్వంత జన్యువులు కలవు; అవి తల్లినుండియే సంక్రమించును. అడవితల్లి మైటోకాండ్రియాలకును, సాగుకంది కేంద్రకమునకును పొంతన కుదరనందున మొక్క పచ్చగనే పెరిగినను పుప్పొడి మాత్రము పండదు. తల్లివంశమును నిలుపుటకు ఒక తండ్రి, పుప్పొడిని తిరిగి పండించు జన్యువు గల మరియొక తండ్రి కావలెను. రెండవ తండ్రితో కలిసి పుట్టిన విత్తనము రైతు పొలమున చక్కగా కాపు కాయును. మొక్కలు పెరికివేయు పని తప్పెను. 2010లో మధ్యప్రదేశమున ఐ.సి.పి.హెచ్. 2671, 2015లో తెలంగాణమున మన్నెంకొండ కంది యను పేర ఐ.సి.పి.హెచ్. 2740 విడుదలయ్యెను.

అయినను కష్టమంతయు తీరలేదు. సంకరజాతి పంటనుండి దాచిన గింజలు మరుసటి ఏడు అదే బలము చూపవు. కావున రైతు ఏటేట విత్తనము కొనవలెను. విత్తన క్షేత్రమును ఇతర కందిచేలకు దూరముగ నుంచవలెను. పుప్పొడి లేని పూవునకు పుప్పొడిని మోసికొనివచ్చునది తేనెటీగయే. విచక్షణ లేక పురుగుమందు చల్లి తేనెటీగలను చంపుకొన్నచో శాస్త్రజ్ఞుల శ్రమయంతయు వ్యర్థమగును.

మోర్గన్, బ్రిడ్జెస్‌లు ఈగలను లెక్కించినది పంట కొరకు కాదు, సత్యము తెలిసికొనుటకే. పటాన్‌చెరువు పరిశోధకులు పూలను లెక్కించినది అన్నములోని పప్పు కొరకు. రెండు చోట్లను పరీక్షకు నిలిచినది ఒక తరమునుండి మరియొక తరమునకు ప్రాణమును అందించు ఆ చిన్నకణమే. దాని నియమములను ఓర్పుతో తెలిసికొన్నవారికే అది ఫలము నిచ్చును.