సామగ్రి బండ్లకు తగిన చక్రములు

గ్రామ పంచాయతీకి బండ్లతో నిత్యమును పని యుండును. చెత్త బండి, బ్లీచింగు పౌడరు డ్రమ్ములు, దోమల మందు యంత్రము, నీటి మోటారు మున్నగు వానిని ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చవలసియుండును. బండి కొనునపుడు ధరను, రంగును, రేకు మందమును చూతుము గాని, చక్రములను పరీక్షించుట అరుదు. చక్రము తగనిదైనచో ఆ భారమంతయు తోయువారి నడుముపై పడును. కొలది మాసములకే బండి మూలపడును. పంచాయతీ ధనము వృథా యగును.

చక్రములు ముఖ్యముగా రెండు విధములు. ఒకే దిశలో దొర్లునది స్థిర చక్రము. బండి మళ్లిన వైపునకు తానును మళ్లునది మళ్లు చక్రము. దీనినే అంగళ్లలో క్యాస్టర్ చక్రమందురు. ఈ రెండింటిని ఏ స్థానములందు ఎన్నేసి అమర్చవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము.

మొదట నేలను చూడవలెను. ఎడ్లబండి చక్రము అంత ఎత్తుగా నుండుటకు కారణము గతుకులే. చిన్న చక్రము గుంటలో దిగబడును; పెద్ద చక్రము దానిని సులభముగా దాటును. కార్యాలయపు నున్నని గచ్చుపై గట్టి నైలాను చక్రము తేలికగా దొర్లును గాని చప్పుడు చేయును. రబ్బరు చక్రము చప్పుడు చేయదు గాని కొంత ఎక్కువ బలము కోరును. మట్టి వీధులకు గాలి నింపిన పెద్ద టైర్లే మేలు.

తరువాత అమరికను నిర్ణయింపవలెను.

1. నాలుగును మళ్లు చక్రములు: ఇరుకు గదులలో బీరువాలు, బల్లలు ఎటు కావలెనన్న అటు జరుగును. కాని వాలు రోడ్డుపై బండి ప్రక్కకు జారును. తిన్నగా నడపుట కష్టము.

2. రెండు స్థిర, రెండు మళ్లు చక్రములు: సిమెంటు రోడ్డుపై దూరము పోవు బండ్లకు ఇది అనుకూలము. పిడివైపున మళ్లు చక్రము లుండిన యెడల స్వల్పమైన ప్రక్కతోపుతోనే బండి మళ్లును.

3. నడుమ రెండు పెద్ద స్థిర చక్రములు, ముందు వెనుకల ఒక్కొక్క మళ్లు చక్రము: ఉన్నచోటనే గిరుక్కున తిరుగును. అయితే ఎగుడుదిగుడు నేలపై ముందు వెనుకలకు ఊగును.

4. రెండు పెద్ద స్థిర చక్రములు, ఒక మళ్లు చక్రము: ముక్కాలిపీట వలె మూడును ఎల్లపుడు నేలనంటియుండును. గతుకుల వీధులకు తగినది. కాని మలుపులలో వేగము కూడదు.

ఇక బరువు లెక్క. బండి 60 కిలోలు, సరకు 240 కిలోలు అనుకొందము. మొత్తము 300. నాలుగు చక్రములున్నవి గనుక ఒక్కొక్కటి 75 కిలోలు మోసిన చాలునని తలచుట పొరపాటు. గతుకులో ఒక చక్రము పైకి లేచినపుడు భారము మిగిలిన మూడింటిపై పడును. కావున 300ను మూడుచే భాగించి, ఒక్కొక్కటి 100 కిలోలకు తక్కువ కాకుండ మోయగల చక్రములనే కొనవలెను.

వాలును మరువరాదు. 12 అడుగుల పొడవునకు 1 అడుగు ఎత్తు పెరుగు వాలుపై ఈ బండిని ఎక్కించుటకు, చక్రముల రాపిడి గాక, 25 కిలోల బరువు నెత్తుటకు కావలసినంత బలము అదనముగా కావలెను. దిగునపుడు అంత బలమే బండిని క్రిందికి లాగును. కనుక వాలులున్న గ్రామములలో బ్రేకు తప్పనిసరి. మళ్లు చక్రమునకు దొర్లుటను, మళ్లుటను గూడ ఆపు బ్రేకు శ్రేష్ఠము.

కొనుటకు ముందు సభ్యులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. నమూనా బండిని నిండు బరువుతో గ్రామములోని అతి చెడ్డ వీధిలో నడిపింపుడు. నిత్యము దానిని తోయవలసిన పారిశుద్ధ్య కార్మికులచేతనే తోయించి, వారి అభిప్రాయమును తీర్మానమునకు ముందే వినుడు. కొన్న పిదప బేరింగులకు గ్రీజు పెట్టించుట, ఇరుసులకు చుట్టుకొన్న దారములు, పీచు తీయించుట, మరలు బిగింపించుట క్రమముగా జరుగవలెను.

బండి నెన్నుకొనువారు సభ్యులు. దినదినము తోయువారు కార్మికులు. వారి శ్రమను తగ్గించు చక్రమునకు కొంత ధర హెచ్చైనను, అది గ్రామమునకు లాభమే.